పళ్లెమున స్వదేశము, పాత్రలో పరదేశము

'పొలము నుండి పళ్లెమునకు' అను మాట అమెరికా దేశమున నేడొక మంత్రమై నెగడుచున్నది. కాలిఫోర్నియా మొదలుకొని న్యూయార్కు వఱకు ఖరీదైన భోజనశాలలు పెక్కు ఈ మంత్రమును జపించి బ్రదుకుచున్నవి. ప్రవేశద్వారము చెంత నల్లపలకపై రైతుల పేర్లు సుద్దతో వ్రాసి యుంచుదురు. ముల్లంగి యే తోటలో పెరిగినదో, గ్రుడ్లు ఏ యూరినుండి వచ్చినవో, గొఱ్ఱె యే కొండవాలున మేసినదో భోజనపట్టిక యేకరువు పెట్టును. వడ్డించు యువకుడు టమాటాపండు యొక్క పుట్టుపూర్వోత్తరములను పురాణము విప్పినట్లు చెప్పును. మేము దీనిని పరిహసించుట లేదు. తినువాడు పండించువాని పేరు తెలిసికొనుట మంచి యలవాటు. అది యన్ని దేశములందును నెలకొనవలసినదే.

ఇంతలో బల్లమీదికి మఱియొక పుస్తకము వచ్చును. తోలు అట్ట, బరువైన కాగితము, కొన్ని శాలలలో నూఱు పుటలకు మించిన పరిమాణము. ఇది పానపట్టిక. దీనిని తెఱచిన క్షణముననే మంత్రము మఱపునకు వచ్చును. బర్గండీ, బోర్డో, షాంపేను, పీడ్మాంటు, మోజెలు, ఇట్లు ఐదాఱువేల మైళ్ల యావలి సీమల నామావళి పుటల వెంబడి పుటలు సాగును. ముల్లంగిని ముప్పది నలువది మైళ్లలో వెదకి తెచ్చిన యజమానునకు ద్రాక్షాసవము మాత్రము మహాసముద్రము దాటి వచ్చినగాని రుచింపదు. సమీపమున ద్రాక్ష పండదా యన్నచో, ప్రపంచమందలి మేలైన ద్రాక్షతోటలు కొన్ని యా పట్టణమునకు గంట రెండు గంటల పయనములోనే యున్నవి! పొరుగింటి పుల్లకూర రుచి యని మన పెద్దలు ఊరకే యనలేదు.

మద్యమును గూర్చి వ్రాయుటేమని పాఠకులలో కొందఱు కనుబొమలు ముడివేయవచ్చును. త్రాగుడును పొగడుటకు మేము కలము పట్టలేదు. త్రాగుడువలన కొంపలు కూలిన తెలుగుపల్లెలను మేమెఱుగుదుము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణములపై సాగించిన పోరాటమును మేము మఱవలేదు. త్రాగవలెనా వలదా యను ధర్మసందేహము వేఱు. అమ్మకము బహిరంగముగా జరుగుచున్నచోట అమ్మువాడు తన మాటకు తాను కట్టుబడెనా లేదా యనుట వేఱు. మన పల్లెలో తాటివనమునకు పోవు కూలివాడు సయితము కల్లు ఏ చెట్టుదో, గీచినవా డెవడో యెఱుగును. రెండువందల డాలర్లు చెల్లించి 'నేలతో బాంధవ్యము' కొనుక్కొను పెద్దమనుష్యునకు ఆపాటి యెఱుకయైనను దక్కవలదా?

ఈ యుద్యమము పుట్టినింటి కథతోనే యారంభింతము. 1971 ఆగస్టు 28వ తేదీన బర్క్‌లీ పట్టణమున షాటక్ వీధిలో ఆలిస్ వాటర్సు అను యువతి 'షే పనీస్' అను చిన్న భోజనశాలను తెఱచెను. ఆ పేరే ఫ్రెంచిది. మార్సెల్ పన్యోలు తీసిన చలనచిత్రములలోని యొక పాత్ర పేరు. మొదటి రాత్రి భోజనము వెల 3 డాలర్ల 95 సెంట్లు. ఆలివులతో వండిన బాతుమాంసమును, ప్లంపండ్ల పిండివంటను ఆనాడు వడ్డించిరి. వంటయు ఫ్రెంచిదే, కలయు ఫ్రెంచిదే. పల్లెటూరి ఫ్రాన్సులో సంతకు పోయి, ఆ పూట దొరకినది ఆ పూట వండుకొను జీవితమును చూచి వచ్చిన యువతి కన్న కల యది. ఆమె ఆ కలను మెల్లమెల్లగా కాలిఫోర్నియా మట్టిలో నాటినది. 1976 అక్టోబరు 7వ తేదీన, అప్పటి వంటశాలాధిపతి జెరెమయా టవరు ఉత్తర కాలిఫోర్నియా ప్రాంతీయ భోజన మని యొకదానిని యేర్పాటు చేసెను. అంతవఱకు ఫ్రెంచిలో వ్రాయబడుచుండిన భోజనపట్టిక ఆ రాత్రి ఇంగ్లీషున వెలువడినది. టొమేల్సు అఖాతపు ఆయిస్టర్లు, మాంటరే సముద్రపు రొయ్యలు, సెబాస్టపోలు పెద్దబాతులు, సొనోమా జున్ను, శాన్‌ఫ్రాన్సిస్కో రైతుబజారు పండ్లు. పాత్రలలో పోసినవియు కాలిఫోర్నియా ఆసవములే! ఆ యొక్క రాత్రి పళ్లెమునకును పాత్రకును నడుమ సరిహద్దు లేకపోయెను.

ఆ శాల అటుపిమ్మట పరదేశపు ఆసవములను వర్జింపలేదు. 1972లో ఆ పరిసరముననే దుకాణము తెఱచిన కెర్మిట్ లించి యను వర్తకుడు ఫ్రాన్సు దేశపు చిన్న చిన్న రైతుల సెల్లార్లకు స్వయముగా పోయి, రుచిచూచి, ఎన్నుకొని తెచ్చుచుండెను. బాండోలు సీమలోని డొమేన్ టాంపియే కుటుంబముతో ఆ వర్తకునకును, ఆలిస్ వాటర్సునకును గాఢమైన స్నేహము కలిగెను. ఆ స్నేహమునుండి వచ్చిన సీసా పరదేశి యైనను అనామకము కాదు. దానివెనుక నొక మనిషి ముఖము కలదు. అదే శాల కాలిఫోర్నియా జిన్ఫాండెలును తన నిత్యవాడుకకు చిరకాలము పోసినదనియు మేమెఱుగుదుము. కావున మా ఫిర్యాదు పుట్టినింటిపై కాదు, దాని పేరు చెప్పుకొని దేశమంతట వెలసిన దాయాదులపైని. వారికి ఆ స్నేహము లేదు, ఆ సెల్లారునకు పోయిన కాలిధూళియు లేదు. టోకువర్తకుడు పంపిన జాబితాలో పేరుమోసిన ఫ్రెంచి నామములకు గీటుపెట్టుటయే వారి నేర్పు.

ఇచ్చట 1976వ సంవత్సరమును గూర్చి యింకొక మాట చెప్పవలెను. ఆ ప్రాంతీయ భోజనమునకు అయిదు నెలలు ముందుగా, మే 24వ తేదీన, పారిసు నగరమున స్టీవెన్ స్పరియరు అను ఇంగ్లీషు వర్తకుడు రుచిపరీక్ష యొకటి జరిపెను. తొమ్మండుగురు ఫ్రెంచి న్యాయనిర్ణేతలు, పేర్లు కానరాకుండ చుట్టిన సీసాలు. తెల్ల ఆసవములలో కాలిఫోర్నియాకు చెందిన షాటో మాంటెలీనా 1973, ఎఱ్ఱవానిలో స్టాగ్స్ లీపు సెల్లార్సు 1973 ప్రథమస్థానము నందెను. బోర్డో, బర్గండీల మహానామములు వెనుకబడెను. ఒక న్యాయనిర్ణేత తన మార్కుల కాగితమును తిరిగి యిమ్మని యడిగెనని ప్రసిద్ధి. ఆ రెండు సీసాలును నేడు వాషింగ్టనులోని స్మిత్సోనియను వస్తుప్రదర్శనశాలకు చేరినవి. ముప్పదియేండ్లకు, 2006లో, అవే ఎఱ్ఱ ఆసవములను మరల రుచిచూచినప్పుడు కాలిఫోర్నియాదే యైన రిడ్జి సంస్థవారి మాంటెబెల్లో 1971 మొదటిదిగ నిలిచెను.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మనవారి హితవు. కాలిఫోర్నియా ద్రాక్షకు విపరీతము ప్రాప్తించినది. రచ్చ గెలిచినది, ఇంట నోడినది! పారిసు పండితులు కళ్లు మూసికొని మెచ్చిన దానిని శాన్‌ఫ్రాన్సిస్కో పెద్దమనుష్యులు కళ్లు తెఱచి మెచ్చలేకున్నారు. రాజకీయముగ రెండున్నర శతాబ్దముల క్రిందట స్వాతంత్ర్యము గొన్న దేశము నాలుక విషయమున నింకను పరాధీనమై యున్నదనుట కిదియే నిదర్శనము. పరాధీనత యనునది సైన్యమువలననే కలుగ నక్కఱలేదు. సీసామీది చీటీవలనను కలుగును.

మా మాట అతిశయోక్తి యనువారు ఓక్లీ గ్రామముదాక మాతో రావలెను. బర్క్‌లీకి తూర్పున సుమారు నలువది మైళ్లదూరమున, నదులు సముద్రపాయను కలియు చోట, ఓక్లీ, ఆంటియాకు అను ఊళ్లు గలవు. ఆ నేల యిసుకనేల. ద్రాక్షవేళ్లను తొలుచు ఫిలాక్సెరా పురుగు ఇసుకలో బ్రదుకజాలదు గావున అచ్చటి తీగెలు అంటు కట్టకయే, సొంతవేళ్లపైన నిలిచి యున్నవి. పందొమ్మిదవ శతాబ్దపు తుది దశాబ్దములందు పోర్చుగీసు, ఇటలీ దేశములనుండి వలసవచ్చిన రైతులు నాటిన మొక్కలు వానిలో గలవు. పందిరి లేదు. తీగె తీగెగ గాక పొట్టిచెట్టువలె, ముసలివాని పిడికిలివలె, ఇసుకమీద కూర్చుండును. పెక్కింటికి నీటిపాఱుదల లేదు. అమెరికాలో మద్యనిషేధము నడచిన 1920 మొదలు 1933 వఱకు గల కాలమునందును ఆ చెట్లు చావలేదు.

ఆ ముసలిచెట్లలో ఒక జాతిని అచ్చటి రైతులు మటారో యని పిలుతురు. ఏండ్ల తరబడి ఆ పండు పేరులేని చవుక ఆసవములలో, గాలనుకూజాలలో కలిసిపోయెను. ఈ మటారో యెవరో పాఠకులు తెలిసికొనవలెను. ఫ్రాన్సులో దీనిని మూర్వేద్రు అందురు. ఏ బాండోలు సీసాకొఱకు 'పొలము నుండి పళ్లెమునకు' పెద్దలు పరితపించుచున్నారో ఆ బాండోలు ఎఱ్ఱ ఆసవమునకు మూలాధారమైన ద్రాక్ష యిదే! ఫ్రెంచి పేరు పెట్టుకొని ఓడ దిగిన మూర్వేద్రునకు పానపట్టికలో పీఠము. రైతు పెట్టిన పేరుతో నలువది మైళ్లలో నిలిచియున్న మటారోకు పుటలో చోటు లేదు. 1980వ దశాబ్దమున రాండల్ గ్రాహము అను ఆసవకారుడు ఈ ఓక్లీ పండును వెదకికొని పోయి తన ఆసవములలో వాడుటచేతను, క్లైను కుటుంబమువారు దానిని 'పురాతన తీగెలు' అను పేర అమ్ముటచేతను కొంత ప్రతిష్ఠ కలిగినది. ఆ కొంతతోనే నిలిచినది. ఓక్లీ ప్రక్కనే బ్రెంటువుడ్డు గ్రామము కలదు. అచ్చటి పీచుపండ్ల పేరు బే ప్రాంతపు భోజనపట్టికలలో గౌరవముగ అచ్చగును. పీచుతోటకు పొరుగున నున్న ద్రాక్షతోటను మాత్రము ఇండ్లస్థలముల వ్యాపారి తప్ప అడుగువాడు లేడు. ఇసుకలో నూఱేండ్లు నిలిచిన చెట్లను పెఱికి, ఆ చోట నొకే అచ్చున పోసిన ఇండ్లను వరుసలు కట్టినారు, ఇంకను కట్టుచున్నారు.

వడ్డన నిపుణుడు బర్గండీలోని సున్నపురాతినేలను గూర్చి పావుగంట మాటలాడగలడు. ఓక్లీ యిసుకను గూర్చి యడిగిచూడుడు.

దీనికి వారు చెప్పు సమాధానములు లేకపోలేదు. ఆసవము ఆకుకూరవంటిది కాదు, వాడిపోదు, పయనించుటకే పుట్టినది, కావున దానికి దూరమను దోషము లేదందురు. సరియే. కాని వారి పట్టిక చెప్పిన వాగ్దానము తాజాతనమును గూర్చి మాత్రమేనా? నేలను కాపాడుదుము, చేరువరైతును నిలుపుదుము అని కదా గోడమీద వ్రాసికొన్నారు! వాడిపోని వస్తువును పండించువానికి ఆకలి వేయదా? మఱికొందఱు బొగ్గుపులుసు వాయువు లెక్కలు చెప్పుదురు. ఓడలో వచ్చిన సీసా లారీలో వచ్చిన సీసాకంటె పర్యావరణమునకు తక్కువ హాని చేయు ననియు, ఒహాయో రాష్ట్రమునకు తూర్పున నున్నవారికి నాపాకంటె బోర్డోయే నయమనియు 2007లో ఇరువురు పరిశీలకులు లెక్కకట్టిన మాట వాస్తవమే. ఆ లెక్క న్యూయార్కువానికి పనికివచ్చును గాని బర్క్‌లీవానికి పనికిరాదు. న్యూయార్కువానికిని పూర్తిగ పనికిరాదు. ఏలన, 1976లోనే ఆ రాష్ట్రము చిన్నద్రాక్షరైతులు తమ పండుతో ఆసవము చేసి అమ్ముకొనుటకు చట్టము చేసినది. ఫింగర్ లేక్సు సరస్సుల ఒడ్డునను, లాంగ్ ఐలండునను తోటలు గలవు. టోకువర్తకుని దాటి పోజాలమను సాకు కాలిఫోర్నియాలో చెల్లనే చెల్లదు. అచ్చట ఆసవకారుడు భోజనశాలకు నేరుగ అమ్మవచ్చును.

మేము పరదేశి సీసాలన్నిటిని సముద్రములో పాఱవేయుమనుట లేదు. చేరువది సహజముగ నుండవలెను. దూరపుదానికి కారణము చెప్పవలెను. నేడు జరుగుచున్నది తలక్రిందులు. సొంతసీమ ఆసవమే ఒక మూలనుండి క్షమాపణ చెప్పుకొనుచున్నది.

చేరువ యను మాటతోనైనను పరీక్ష ముగియదు. పట్టికలో 'మా ప్రాంతపు ఆసవము' అని వ్రాసినచో దాని చీటీని చదువవలెను. కాలిఫోర్నియా యని మాత్రము వ్రాసినచో ఆ రాష్ట్రపు చట్టముచేత పండంతయు ఆ రాష్ట్రముదే యగును. అది బర్క్‌లీ ప్రక్కదియు కావచ్చు, మూడువందల మైళ్ల యవతల లోయలో యంత్రముతో కోసినదియు కావచ్చు. నాపా యని గాని, లోడై యని గాని గుర్తింపబడిన ద్రాక్షసీమ పేరు వ్రాసినచో నూటికి 85 వంతులు ఆ సీమ పండు ఉండిన చాలును. ద్రాక్షజాతి పేరునకు నూటికి 75 చాలును. ఇక కొన్ని శాలలు తమ పేరు అచ్చువేసిన చీటీని టోకున కొన్న ఆసవముపై అంటించి 'మా యింటి ఆసవము' అని పోయుదురు. ముల్లంగి విషయమున నూటికి 85 వంతులతో సరిపెట్టుకొను వంటవాడు ఎవడైన కలడా? తోట పేరు, రైతు పేరు, కోసిన సంవత్సరము, ఈ మూడును పట్టికలో నుండిననే ఆ గోడమీది నల్లపలకకు ఇది తోబుట్టువగును.

సీసాలో ఏమేమి కలదో కూడ చెప్పవలెను. అమెరికాలో ఆసవమున చేర్చుటకు అనుమతింపబడిన పదార్థములును ప్రక్రియలును అఱువదికి మించి యున్నవి. గంధకపు సల్ఫైట్లు వంటి ఒకటి రెండింటిని తప్ప చీటీపై వ్రాయ నక్కఱలేదు. రొట్టెలో ఏమున్నదో చెప్పవలెను, పచ్చడిలో ఏమున్నదో చెప్పవలెను, ఇరువది డాలర్ల గ్లాసులో ఏమున్నదో చెప్ప నక్కఱలేదట! ఐరోపావారు 2023 డిసెంబరు 8 తరువాత తయారగు ఆసవములకు చేర్పుల జాబితాను తప్పనిసరి చేసిరి. పైన పేర్కొన్న రిడ్జివారు ఏ చట్టమును నిర్బంధింపకయే 2011 పంటనుండి తమ సీసాలపై చేర్పుల నన్నిటిని అచ్చువేయుచున్నారు. వారి మాంటెబెల్లో తోట కూపర్టీనో పట్టణమునకు పైనున్న కొండమీద, 1880వ దశాబ్దమున ఓషియా పెరోనీ యను వైద్యుడు కొన్న భూమిలో నున్నది. కూపర్టీనో యనగానే మన పాఠకులలో పలువురకు ఆ యూరిలో గల కొడుకో, కోడలో, మేనల్లుడో జ్ఞప్తికి వచ్చును. వేలకొలది తెలుగుకుటుంబములు నేడు కాపురమున్న ఆ శాంటాక్లారా లోయ యొకప్పుడు రేగడి, జల్దరు, చెర్రీ పండ్లతోటల సీమ. 'హృదయానందపు లోయ' యని దానికి పేరు. తోటలు పోయి కంప్యూటరు సంస్థలు వచ్చెను. కొండమీద ద్రాక్ష మిగిలినది. మనవారు జన్మదినములకును ఉద్యోగోన్నతులకును ఇట్టి భోజనశాలలకు పోవుచున్నారు. వారిలో త్రాగువారుందురు, త్రాగనివారుందురు. ఇరువురును అడుగదగిన ప్రశ్న యొకటి కలదు: 'మా కిటికీలోనుండి కనబడు కొండమీది పండు మీ పట్టికలో ఏ పుటలో నున్నది?'

ఇక పానపట్టిక యెన్నడును పలుకని మాటను మేము పలుకవలెను. ద్రాక్షను కోసిన చేతుల మాట. 1965 సెప్టెంబరు 8న డిలానో గ్రామమున ఫిలిప్పీనుల నుండి వచ్చిన ద్రాక్షకూలీలు లారీ ఇట్లియాంగు నాయకత్వమున పని మానివేసిరి. కొలది దినములకే సెసారు చావెజు నడుపుచుండిన మెక్సికను కూలీల సంఘము వారితో చేయి కలిపెను. 1966 వసంతమున వారు డిలానోనుండి సాక్రమెంటోకు మూడువందల మైళ్లు పాదయాత్ర చేసిరి. ఆ యాత్ర సాగుచుండగనే మొదటగా లొంగినది ఆసవపు ద్రాక్షను పండించు షెన్లీ యను పెద్ద మద్యసంస్థ! 1968లో కూలీలలో కొందఱు హింసకు మొగ్గుచున్నారని తెలిసి చావెజు ఇరువదియైదు దినములు ఉపవాసము చేసెను. ఆయనకు మార్గదర్శి మన గాంధీజీ. సమ్మెయు, దేశవ్యాప్తమైన ద్రాక్షబహిష్కారమును అయిదేండ్లు సాగి 1970లో గాని ఒడంబడికలు కుదురలేదు. విదేశవస్త్రబహిష్కారమును చవిచూచిన జాతికి ఆ ఆయుధపు పదును వేఱుగ చెప్ప నక్కఱలేదు.

అది పాతకథ యని తోసివేయుటకు వీలులేదు. 1938లో కేంద్రచట్టము కార్మికులకు అదనపు గంటలకు అదనపు కూలి నిచ్చినపుడు పొలముకూలీని వెలుపల నిలిపెను. కాలిఫోర్నియాలో దినమునకు ఎనిమిది గంటలు దాటినచో పొలముకూలీకి అదనపు వేతనమను న్యాయము పెద్ద కమతములలో 2022లోను, చిన్న కమతములలో 2025లోను గాని పూర్తిగ అమలునకు రాలేదు. ఎండదెబ్బనుండి కూలీలను కాపాడు నిబంధన 2005లో వచ్చినది. వచ్చిన మూడేండ్లకు, 2008 మే నెలలో, శాన్‌వాకీన్ జిల్లాలోని యొక ఆసవద్రాక్షతోటలో పదునేడేండ్ల గర్భిణి ఎండదెబ్బ తగిలి పడిపోయి, రెండు దినములకు కన్నుమూసినది. గొఱ్ఱె యెంత సుఖముగ మేసినదో చెప్పు పట్టికకు, ద్రాక్ష కోసినవారికి నీడయు నీళ్లును దొరకెనా యను మాట చెప్పుటకు ఒక పంక్తి కాగితము కఱవైనదా? నాపాలో నేడు పెక్కుచోట్ల రాత్రివేళ దీపముల వెలుగున కోత జరుగును. పండు చల్లగ నుండవలెనని యది. మనిషికిని అది మేలే. ఆ మేలును ముందుగ తలచిన దెవరికొఱకో పాఠకులే యూహింతురు గాక.

వెలల సంగతి క్లుప్తముగ చెప్పుదుము. అమెరికా భోజనశాలలలో టోకున కొన్న సీసాను రెండున్నర మూడు రెట్లకు అమ్ముట సామాన్యము. సీసాకు అయిదు గ్లాసులు వచ్చును. మొదటి గ్లాసుతోనే సీసా వెల వచ్చివేయును. ఇది దోపిడి యని మేము వెంటనే కేకలువేయము. చేరువరైతునకు న్యాయమైన వెల యిచ్చి కొన్న కూరగాయలమీద వంటశాలకు మిగులునది స్వల్పము. ఆ లోటును పూడ్చునది ఆసవమే. అనగా నల్లపలకమీది రైతును పోషించుచున్నది తోలు అట్ట పుస్తకము! ఇంత భారమును మోయుచున్న దానిని ఆలోచనలేక టోకువర్తకునకు వదలివేయుట మాకు విడ్డూరముగ తోచుచున్నది. బరువైన గాజుసీసాకు బదులు ఉక్కుపీపాలలో ఆసవమును తెప్పించి కుళాయినుండి పోయు పద్ధతి యిప్పుడు చాలచోట్ల వచ్చినది. ఒక్కొక్క పీపా ఇరువదియాఱు సీసాలకు సమానము, ఖాళీయైన పిమ్మట తిరిగి నింపవచ్చును. ఆసవమువలన భూమికి కలుగు భారములో సీసాది పెద్దపాలు. పొరుగు తోటనుండి పీపా తెచ్చుకొనుట కంటె ఆ మంత్రమునకు తగిన పని యేది? అయినను ఘనమైన శాలలలో పెక్కు కుళాయిని నామోషీగ తలచుచున్నవి. బిరడా తీయు శబ్దము వినబడనిచో వెల నిలువదను భయము గాబోలు!

ఈ తగవు రుచులకు సంబంధించిన విలాసచర్చగ మిగిలియుండిన మేమింత దీర్ఘముగ వ్రాయకపోవుదుము. 2024లో కాలిఫోర్నియా ఆసవద్రాక్షపంట గడచిన ఇరువదియేండ్లలో కెల్ల తక్కువయైనది. పండక కాదు సుమా. కొనువారు లేక పండినపండు చాలచోట్ల తీగెలపైననే యెండినది. లోడై ప్రాంతమున రైతులు తోటలను పెఱికివేయుచున్నారు. 1886లో నాటిన సిన్సో తీగెలు నేటికిని కాయుచున్న సీమ యది. పడుచుతోటతో పాటు ముసలితోటయు యంత్రమునకు ఎరయగుచున్నది. ముల్లంగిమడి పోయిన మరుసటి యేట మరల విత్తవచ్చును. నూటనలువదియేండ్ల చెట్టును పెఱికినచో మన మనుమల మనుమలు గాని దాని సరియీడు చెట్టును చూడజాలరు. సరిగ నీ సమయముననే, ఆ తోటలకు చేరువనున్న ధనికశాలలు నేలను గూర్చి ఉపన్యసించుచు, బర్గండీ సీసాకు మంచుగుడ్డ చుట్టుచున్నవి.

కూరగాయలరైతుతో వారు చేయుచున్న దేదియో ద్రాక్షరైతుతోను చేయుట అసాధ్యము కాదు. విత్తునాటికే ఇంత కొందుమని మాట యిచ్చుచున్నారు. పంట దెబ్బతిన్న యేడును వదలక నిలుచుచున్నారు. వంకరటమాటాను గూడ ప్రేమగ వండుచున్నారు. 2020లో కార్చిచ్చుల పొగ పట్టి నాపా, సొనోమాలలో ఎఱ్ఱద్రాక్ష పెద్దపాలు చెడినప్పుడు, ఆ రైతుకు వంకరటమాటాకు దక్కిన ఆదరము దక్కినదా? రాబోవు పంటలో పది పీపాలు మావి యని కోతకు ముందే చెప్పు శాల యొకటి యుండిన, ఓక్లీ ముసలితోట యజమానుడు ఇండ్లస్థలముల వ్యాపారికి మఱియొక యేడు తలుపు తీయడు. పట్టికలో సగము పుటలు సొంతసీమకు విడిచి, తక్కిన సగమున ఏ దూరపుసీసా యెందుకు వచ్చినదో ఒక్కొక్క పంక్తిలో చెప్పిన, మేము ఆ శాలను మొదట మెచ్చుకొందుము.

ఓక్లీలో కోత ఆగస్టు తుదినుండి సాగును. బర్క్‌లీనుండి గంటసేపు ప్రయాణము. బ్రెంటువుడ్డు పీచుపండ్లకొఱకు పోవు బండి ఇప్పుడును ఆ త్రోవనే, ఆ తోటల ప్రక్కనుండియే పోవుచున్నది.